మేకతోలు బూట్లు

అరవైల మొదట్లో గుంతకల్లు లోకో షెడ్డులో నాకు కొత్తగా ఉద్యోగం. మా నాయన బెళుగుప్ప దగ్గర మా ఊళ్లో గొర్రెలు కాసేవాడు. ఆ చలికాలం ఆయన మడమలు పగిలి నెత్తురు కారేది. నడవలేకపోతే మందను అమ్మేయాలి. మంద లేకుంటే నాయన ఎట్లా బతుకుతాడా అని నాకు భయం పట్టుకుంది.

స్టేషను బయట ఒక ఉత్తరాది బేరగాడు బూట్లు అమ్ముతున్నాడు. పైన తోలు, లోపల పొట్టిగా కత్తిరించిన తెల్లటి ఉన్ని. మంచు దేశాల్లో గొర్రెలు కాసేవాళ్లే వీటిని మొదట కుట్టుకున్నారనీ, ఇది అసలైన గొర్రెతోలేననీ ఒట్టు పెట్టి చెప్పాడు. ఇంకేం కావాలని కొనేశాను. నా బుద్ధి గడ్డి తిన్నది అక్కడే. మా ఇంట్లో గొర్రెతోలు కాళ్లకు తొడగరు. నాయన చెప్పులు ఎప్పుడూ ఎనుము తోలువే. బడీ షెడ్డూ కలిసి నాకు ఆ సంగతే మరిపించాయి.

"అసలైన గొర్రెతోలు నాయనా" అని గొప్పగా ఆయన ముందు పెట్టాను.

ఆయన ముఖం మాడిపోయింది. "గొర్రె మనకు కూడు పెడతాండాది. దాని తోలు తొక్కుకుంటా దాని ఎనకాలే యెట్ల పోదునప్పా?"

కోపం నాకు ముక్కుమీదే ఉంటుంది. "అయితే ఆ కాళ్లతోనే సావు" అనేశాను. ఆ మాటకు ఈనాటికీ సిగ్గుపడుతున్నాను.

నాయన బూటులో చెయ్యి పెట్టి తడిమాడు. వాసన చూశాడు. ఒకసారి నా మొహంలోకి చూశాడు.

"నిన్ను మోసం చేసినారప్పా. ఇది మేకతోలు" అని తొడుక్కున్నాడు.

మేకబొచ్చును పొట్టిగా కత్తిరించి ఉన్ని అని అంటగట్టాడని ఆ బేరగాణ్ణి నెలంతా తిట్టుకున్నాను. నాయన మడమలు మాత్రం మానాయి, మంద నిలిచింది. ఒక్కటే చిరాకు. గొర్రెల దొడ్డి వాకిట బూట్లు విప్పేసి వట్టికాళ్లతో లోపలికి పోయేవాడు. మేకతోలుకు ఇంత మర్యాద ఎందుకని విసుక్కునేవాణ్ణి. "పెంట అంటుతాది లేప్పా" అనేవాడు.

మరుసటేడు బూటు అడుగు ఊడితే గుంతకల్లులో చెప్పులు కుట్టే ముసలాయన దగ్గరికి తీసుకుపోయాను.

"మేకతోలే గదా తాతా, గట్టిగా కుట్టు" అన్నాను.

ఆయన కుట్టు విప్పి, అంచు మడిచి చూసి నవ్వాడు. "యాడి మేకప్పా? గొర్రెతోలు ఇది. గొర్రెలు కాసేటోణ్ణి అడుగు, కండ్లు మూసుకోని చెప్తాడు."

 పుట్టినప్పటి నుంచీ గొర్రెల మధ్యే బతికిన మనిషికి తెలియకనా? నాతో అంత మాట పడి కూడా, నేను తెచ్చినవి పక్కన పడేయలేక ఆ అబద్ధం ఆడాడు. ఏడుపొచ్చింది.

ఊరికి పోయేసరికి నాయన అరుగుమీద కూర్చుని ఉన్నాడు. బూట్లు చేతికిచ్చాను.

"ఏమన్నాడప్పా కుట్టినాయన?" అని నా మొహంలోకి చూడకుండా అడిగాడు.

"మేకతోలే అన్నాడు నాయనా."

"నేను చెప్పలే?" అని కాళ్లకు తొడుక్కున్నాడు.

దొడ్డి దాకా ఆయన వెంట పోయాను. వాకిట ఆయన బూట్లు విప్పితే నేనూ నా చెప్పులు విప్పి పక్కన పెట్టాను.