బంతి వస్తే కదలని కాలు

మా చిన్నప్పుడు... మా ఫుట్‌బాల్ టీమ్‌లోంచి మా సూరి మావని తీసేసింది సెక్రటరీ గారే. కాలి నొప్పి కాదు, వయసు కాదు, ఇంకెవరో కాదు. ఆ మాట ముందు చెప్పేసి మిగతాది తర్వాత చెబుతాను.

సూరి మావ మా అమ్మకి తమ్ముడు. పలాస దగ్గర పల్లె నుంచి ఈ బెంగాల్ రైల్వే ఊరికి వచ్చి న్యూ సెటిల్‌మెంట్‌లో మా క్వార్టర్‌లోనే ఉండేవాడు. ఎడమ వైపు ఆడేవాడు... ఉత్త కాళ్ళతో, చీలమండకి అమ్మ పాత చీర పేలిక చుట్టుకుని. టీమ్‌లో నిలబడితే రైల్వే వర్క్‌షాపులో ఖలాసీ పని దొరుకుతుందని ఆ రోజుల్లో అందరికీ ఆశ. మావకీ అదే ఆశ. దొరికితే ఇక్కడ ఉంటాడు, లేకపోతే రైలెక్కి వెనక్కి పోతాడు.

పొద్దున్నే చద్దన్నం, ఉల్లిపాయ తిని మైదానానికి పోయేవాడు. తోలు బంతికి కొవ్వు రాసి మెత్తబరచడం నా పని. బడికెళ్ళినా చేతులకి ఆ వాసన పోయేది కాదు...

ఓ ఏడాది వానలకి ముందు సెక్రటరీ గారు మీటింగు పెట్టారు. "టీమ్‌ని బలపరుస్తున్నాం" అన్నారు. కలకత్తా వైపు నుంచి ముగ్గురు కొత్తవాళ్ళు వస్తారట. పాతవాళ్ళు ముగ్గురు పోవాలట. అందులో మావ ఒకడు.

అంతే, నిమాయ్ దా టీ కొట్టు రెండు పక్షాలైపోయింది. నిమాయ్ దా బెంగాలీ. మనవాళ్ళకి టీ పోసి పోసి తెలుగు పట్టేశాడు.

"కొత్తోలొస్తే మంచిదే కదేటి? ఇంకా ఎన్నాల్లు ఓడిపోతాం?" అన్నది ఎవరనుకున్నారు? మా నాన్న! మావకి స్వయానా బావ!

"అరే దాదా, ఆ మూడోవాడు సెక్రటరీ బాబుకి బామ్మర్ది. తెలుసా నీకు?" అన్నాడు నిమాయ్ దా.

"నా బామ్మర్ది ఆడగా నేంది, ఆయన బామ్మర్ది ఆడకూడదేటి?"

కొట్టంతా ఒకటే నవ్వు. నాన్న మాత్రం నవ్వలేదు.

ఆ సాయంత్రం అమ్మ అన్నం గిన్నె నాన్న ముందు ఠపీమని పెట్టింది. "నా తమ్ముణ్ణి తీసేస్తే సప్పట్లు కొట్టీసి వచ్చినావా?"

"నానెల్లి అడిగితే నలుగురూ ఏటంతారే? బామ్మర్ది కోసం కాల్లట్టుకున్నాడంతారు."

మావ గుమ్మంలో కూర్చుని కాలి పేలిక విప్పుకుంటూ, "బావ సెప్పింది నిజమే అక్కా... ఆల్లు నాకన్నా బాగా ఆడితే నానే ఎల్లిపోతాను" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. ఇప్పటికీ మండుతుంది. మంచివాడు మాట పడతానని భయపడి నోరు మూసుకుంటే, ఆ మౌనం కింద మోసగాడు నీడ పట్టున కూర్చుంటాడు. ఈ మాటలు అప్పుడు నాకు రావు. తర్వాత కరపత్రాలు చదివి నేర్చుకున్నాను.

మర్నాడు కొత్తవాళ్ళు ముగ్గురూ వరసగా కొట్టు ముందు నుంచి నడిచి వస్తున్నారు. నేను మావ బంతికి కొవ్వు రాస్తూ కొట్టులోనే ఉన్నాను. నిమాయ్ దా నా భుజం తట్టాడు. "ఖోకా, బంతి ఒదులు. ఆటగాడి కాలు ఊరుకోదు."

వదిలాను. మొదటివాడు మాట ఆపకుండానే బంతిని అరికాలి కింద ఆపి పక్కవాడికి తోశాడు. రెండోవాడు బొటనవేలితో పైకి లేపి, నవ్వుతూ మూడోవాడి ముందుకి జారవిడిచాడు. మూడోవాడు... ఇస్త్రీ ప్యాంటు రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని పక్కకి తప్పుకున్నాడు. బంతి పోయి కాలవలో పడింది.

నాన్న టీ గ్లాసు దించేసి, తిన్నగా సెక్రటరీ గారింటికి నడిచాడు. నేను వెనకాలే పరుగెత్తాను. ఆయన అరుగు దిగకుండానే, "ఏటయ్యా, నీ బామ్మర్ది కోసమేనా?" అన్నారు.

నాన్న ఏ మాటకి భయపడ్డాడో ఆ మాటే. తిరిగి వచ్చేశాడు.

ఆ ఏడు మన టీమ్ గెలిచింది, కాదనను. ఆ ఇద్దరూ నిజంగా ఆడేవాళ్ళు. ఇద్దరు మంచివాళ్ళ మధ్య ఒక సొంత మనిషిని దాచడం... అదే వాళ్ళ పద్ధతి! మూడోవాడికి ప్రతి ఆటకీ కాలి నొప్పే. పని మాత్రం దొరికింది.

మావ రైలెక్కాడు. బంతి కిటికీలోంచి నా చేతికిచ్చి, "కొవ్వు రాయడం మానీకు అల్లుడూ..." అన్నాడు. ఇప్పుడు పలాసలో జీడిపిక్కలు కాలుస్తున్నాడు.

ఆ రోజుల్లో గీత పక్కన నేల మీద కూర్చుని ఆట చూసేవాళ్ళం. ఆటయ్యాక కమిటీవాళ్ళని ఆపి, కేకలేసి మరీ అడిగేవాళ్ళం. ఇప్పుడు తాడు కట్టారు, తాడుకి అవతల కుర్చీలు వేశారు... మనం కూడా మెల్లగా మాట్లాడటం నేర్చుకున్నాం.

ఆ కుర్చీల్లో మధ్యలో కూర్చునేది ఎవరో తెలుసా? ఆ ఇస్త్రీ ప్యాంటు మనిషే. ఇప్పుడాయనే మన సెక్రటరీ! మొన్న మళ్ళీ కొత్తగా వచ్చే ముగ్గురి పేర్లు చదివారు. మళ్ళీ అదే మాట... "టీమ్‌ని బలపరుస్తున్నాం."

అందుకే ఈ కాగితం రాసి నిమాయ్ దా కొట్టు గోడకి అంటించాను. కొత్తవాళ్ళని ఈ ఆదివారం సాయంత్రం అయిదు గంటలకి మైదానంలో చూపిస్తారట. అందరూ రండి. ఖరిదా నుంచి, సాలువా నుంచి కూడా రండి. మీ ఇంట్లోంచి ఇలా వెనక్కి పోయిన ఆటగాడు ఉంటే, ఆయన ఎలా ఆడేవాడో అక్కడ గొంతెత్తి చెప్పండి...

మావ బంతి నేను తెస్తాను. నిన్ననే కొవ్వు రాశాను. కొత్తవాళ్ళ సంగతి తర్వాత... మొదట సెక్రటరీ గారి వైపే వదులుతాను.