చేతులాయన దించిన విమానం

విమానాశ్రయంలో అందరికీ ఏదో ఒక హోదా ఉంది, ఆయనకు మాత్రం చేతులే హోదా. దిగిన విమానం రన్‌వే వదిలి, చుట్టాలింటి గుమ్మం వెతుక్కునే కొత్త అల్లుడిలా మెల్లగా వస్తుందే, దానికి ఎదురుగా నిలబడేది ఆయన. రెండు నారింజ రంగు బ్యాట్లు పట్టుకుని, రా రా అని చేతులూపి, పసుపు గీత మీదకు తెచ్చి, తలపైన చేతులు అడ్డంగా పెట్టి ఆపుతాడు. ఆ ఉద్యోగానికి కాగితాల్లో పొడుగాటి పేరే ఉంది. అది ఎవరికీ నోరు తిరగక, పైఅధికారి నుంచి టీ కొట్టు ఆవిడ దాకా అందరూ ‘చేతులాయన’ అనే పిలిచేవారు.

అలవాటు చెడ్డది. వీధిలో ఎవరి కారు వెనక్కి వస్తున్నా ఈయన చేతులు వాటంతటవే లేచేవి. భోజనాల దగ్గర భార్య ఇంకో గరిటె వెయ్యబోతే, చాలు అనడానికి తలమీద చేతులు అడ్డంగా పెట్టేవాడు. “నేనేం విమానాన్ని కాదు, నోటితో చెప్పండి,” అని ఆవిడ ఆ గరిటె వేసే తీరేది.

ఆయన ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఆ ఊరికి వచ్చేది ఒక్కటే విమానం. రెండు పంకాల బుల్లి విమానం, పొద్దున వచ్చి, ఊపిరి తీసుకుని పోయేది. గట్టిగా వానపడితే అదీ లేదు. “మన ఎయిర్‌పోర్టులో విమానాల కంటే కొంగలే ఎక్కువ దిగుతాయి,” అని ఊళ్ళోవాళ్ళు నవ్వేవారు. నవ్వారని వాళ్ళను అనడానికి లేదు, ఆ కొంగల్ని తోలే పని కూడా ఈయనదే. ఆ రోజుల్లో ఊరందరికీ ఒకటే లెక్క. విమానం పైకి లేచిందా, ఆ పూటకు అంతే. అందుకోలేనివాడు పెట్టె పట్టుకుని ఇంటికి పోవడమే. ఈ లెక్కను కాస్త గుర్తుపెట్టుకోండి, దీనితో ముందు పనుంది.

ఆయనకు ఒక అక్క. తల్లి పోయాక ఎత్తుకుని పెంచింది ఆవిడే. బడికి వెళ్ళాలంటే లారీలు తిరిగే రోడ్డు దాటాలి. అక్క ముందుగా నడిరోడ్డులోకి వెళ్ళి, రెండు చేతులూ పైకెత్తి నిలబడేది. మోకాళ్ళ దాకా గౌను, రెండు జడలు, ఎదురుగా కొండంత లారీ. డ్రైవర్లు తిట్టుకుంటూనే బ్రేకు తొక్కేవారు. “మెల్లిగా రా చిన్నోడా, అన్నీ ఆగాయి,” అనేది. ఆ మాట వినపడేదాకా ఈయన అడుగు కదిపేవాడు కాదు.

ఆ అక్కను కొండలకు ఆవల ఉన్న నగరంలో ఇచ్చారు. రెండు రైళ్ళు, ఒక బస్సు, మధ్యలో స్టేషన్లలో పడిగాపులు. ఆవిడ మోకాళ్ళు అరిగాక ఆ ప్రయాణం మానుకుంది. తమ్ముడి కూతురికి బిడ్డ పుట్టిందని తెలిసినా ఫోన్‌లో ఏడుపు వినడంతో సరిపెట్టుకుంది. “నా చేతుల మీద పెంచినవాడు తాతయ్యాడు, నేను చూడలేకపోయాను,” అని మాత్రం ఫోన్ పెట్టేముందు ప్రతిసారీ అనేది.

ఇందులో ఇంకో చిక్కుంది. ఈయనకు ఉద్యోగం వచ్చిన కొత్తలో బావగారు వీధి వీధంతా టముకు వేశారు: “మా బావమరిది చెయ్యి ఊపితే గానీ అక్కడ విమానం దిగదు.” ఆ మాట అక్క మనసులో శిలాశాసనమైపోయింది. ఆకాశంలో వెళ్ళే విమానాన్ని తమ్ముడు కింద నుంచి చేతులతో పిలిచి దింపుకుంటాడని ఆవిడ నమ్మకం.

తర్వాత ఊరు మారింది. ఎందుకు మారిందో పెద్దలు చాలా కారణాలు చెబుతారు. చేతులాయనకు తెలిసింది మాత్రం, కొంగలు దిగే చోట కొత్త పసుపు గీతలు పడ్డాయని. ఒక విమానం రెండయింది, రెండు నాలుగయ్యాయి. ఒక్క ఊరికి దారి ఉన్నచోట, తూర్పుకొకటి, పడమరకొకటి, సముద్రం అవతలికి ఒకటి. గాజు గోడల కొత్త భవనం లేచింది. హాల్లో ఇసుక వేస్తే రాలనంత జనం. ఒకప్పుడు సూటు వేసుకున్నవాళ్ళే ఎక్కేవారు. ఇప్పుడు రబ్బరు చెప్పులవాళ్ళు, చంకన పిల్లలవాళ్ళు, ఆసుపత్రి ఫైళ్ళవాళ్ళు, తాపీ పనికి పోయే కుర్రాళ్ళు ఎక్కుతున్నారు.

డ్యూటీ దిగాక ఆయన ఇంటికి వెళ్ళకుండా, హాల్లో ఊళ్ళ పేర్లు వెలిగే బోర్డు కింద నిలబడేవాడు. తాను ఎప్పుడూ విమానం ఎక్కలేదు. అయినా పేర్లు ఒకదాని మీద ఒకటి తిరుగుతుంటే ఒళ్ళు జలదరించేది. ఇన్ని ఊళ్ళవాళ్ళు, ఇన్ని పనులమీద, వచ్చి తన రెండు చేతుల ముందు ఆగుతున్నారా! ఆ మాట పైకి అంటే నవ్వుతారని అనేవాడు కాదు గానీ, లోపల మాత్రం నోరు తెరుచుకుని చూసేవాడు.

ఒకరోజు ఆ బోర్డు మీద అక్క వాళ్ళ ఊరి పేరు వెలిగింది. వచ్చే వారం నుంచి, నేరుగా. ఆయన అక్కడే నిలబడి ఫోన్ చేశాడు.

“అక్కా, మీ ఊరి నుంచి విమానం వేశారు. పొద్దున కాఫీ అక్కడ తాగి, మధ్యాహ్నం భోజనం ఇక్కడ చెయ్యొచ్చు.”

“విమానమా! వద్దురా బాబూ, నాకు నిచ్చెన ఎక్కితేనే కళ్ళు తిరుగుతాయి.” అంతలోనే గొంతు తగ్గించి అడిగింది. “ఆరోజు డ్యూటీ నీదేనా? నువ్వే దింపుతావా?”

పక్కనే ఉంటే భార్య ఏమనేదో ఆయనకు తెలుసు. అబద్ధం మీద అక్కను ఆకాశంలోకి ఎక్కిస్తారా అని కడిగేసేది. అందుకని గొంతు సవరించుకుని నిజం చెప్పేశాడు. “అక్కా, దించేది పైలట్. అది నేల మీదకు వచ్చాక ఎక్కడ ఆపాలో నేను చూపిస్తాను, అంతే.”

అక్క పకపకా నవ్వింది. “నీకు చిన్నప్పటి నుంచీ గొప్ప చెప్పుకోవడం చేతకాదు. క్లాసులో ఫస్టొచ్చి, పాసయ్యానక్కా అని వచ్చేవాడివి. సరే, నువ్వుంటే ఎక్కుతాను. లేకపోతే ఎక్కను.”

కుడితిలో పడ్డ ఎలుకలా అయింది ఆయన పని. ఇంకోసారి చెబితే ప్రయాణం మానేస్తుంది. చెప్పకపోతే తనను నమ్ముకుని ఎక్కుతుంది. పైన ఏదైనా జరిగితే తన చేతులు ఏం చెయ్యగలవు? ఆ వారమంతా ఆయనకు ముద్ద దిగలేదు.

ఆ రోజు ఎండ బాగానే కాసింది. అక్క ఎక్కిన విమానం బయల్దేరిందని కబురు అందింది. ఇక్కడ విమానాలు నిలిపే చోట్లు మూడు. అసలు తిప్పలన్నీ అక్కడే. దారులు పెరిగాయి గానీ నిలిపే చోట్లు పెరగలేదు. ఒక చివర అప్పుడే వచ్చిన విమానంలోంచి జనం దిగుతున్నారు. ఇంకో చివరి దానికి ఆయిల్ పోస్తున్నారు. నడిమిది బయల్దేరాలి, అది కదిలితేనే అక్కకు చోటు.

అది కదలలేదు. పెట్టె లోపలికి ఇచ్చిన ప్రయాణికుడొకడు కనపడడం లేదట. మనిషి లేకుండా పెట్టె ఎగరకూడదు, అది నియమం. మైకులో పిలిచారు, హాలంతా వెతికారు. చివరికి కౌంటర్‌లో అమ్మాయి ఫోన్ చేస్తే, ఆ ప్రయాణికుడు, ఊళ్ళో బట్టల షావుకారు, తన ఇంట్లోంచే పలికాడు.

“విమానం వెళ్ళిపోయిందిగా అమ్మా! నా కళ్ళతో చూశాను. టీ తాగి వచ్చేసరికి పైకి లేచింది. ఇంక చేసేదేముందని ఇంటికొచ్చేశాను.”

అదీ సంగతి. పాత రోజుల మనిషి. లేచింది వేరే ఊరి విమానం. ఒకే ఊళ్ళో రెండో విమానం కూడా ఉంటుందని ఆయన కాళ్ళకు ఇంకా తెలియదు, ఇంటి దారి పట్టేశాయి.

చేతులాయన చేతిలోని రేడియోలో కంట్రోల్ టవర్ గొంతు గరగరలాడింది. “వచ్చేదాన్ని పైనే తిప్పుతున్నాం. చోటు ఖాళీ అయ్యాక చెప్పండి.”

తలెత్తి చూశాడు. ఎండలో చిన్న వెండి మెరుపు, గుండ్రంగా తిరుగుతోంది. దానిలో అక్క ఉంది. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని, తమ్ముడు ఎప్పుడు పిలుస్తాడా అని చూస్తూ ఉంటుంది.

బ్యాట్లు నేలమీద పెట్టేశాడు. సామాన్లు మోసేవాళ్ళు నడిమి విమానం పొట్టలోకి దూరి పెట్టెలు బయటకు లాగుతున్నారు. వాళ్ళ వెనకే ఈయనా దూరాడు. “నీకెందుకయ్యా, నీ పని కాదుగా,” అన్నాడు వాళ్ళ మేస్త్రి. “పైన మా అక్క ఉందయ్యా,” అన్నాడు ఈయన. మేస్త్రి పక్కకు జరిగాడు. మూటలు, సంచులు, చక్రాల పెట్టెలు చేతులు మారాయి. షావుకారు పెట్టె, ఎర్ర తాడు కట్టింది, అన్నిటికీ అడుగున దొరికింది. దాన్ని లాగేసి, మిగతావి మళ్ళీ సర్ది, తలుపు బిగించారు. విమానం వెనక్కి జరిగి, తిరిగి, రన్‌వే పట్టుకుని లేచిపోయింది.

చోటు ఖాళీ.

చెమట కూడా తుడుచుకోకుండా పరిగెత్తి తన గీత దగ్గర నిలబడ్డాడు. వెండి మెరుపు పెద్దదవుతూ వచ్చింది. చక్రాలు నేలను తాకినప్పుడు లేచిన పొగ చూసి ఆయన కళ్ళు చెమర్చాయి. ఇన్నేళ్ళుగా చూస్తున్నదే, కానీ ఇంత ఇనుము, ఇంతమంది మనుషులు గాలిలోంచి నేలమీదకు రావడం ఎంత అద్భుతమో ఆరోజే తెలిసినట్టయింది. చేతులెత్తాడు. విమానం తిన్నగా ఆయన వైపే వచ్చింది. కిటికీల్లో ముఖాలున్నాయి గానీ చెయ్యి ఊపడానికి లేదు, ఊపితే పైలట్ దాన్ని ఇంకోలా అర్థం చేసుకుంటాడు. రా, రా, ఇంకొంచెం, ఆగు. చేతులు తలపైన అడ్డంగా పడ్డాయి. అంత విమానమూ ఆగింది.

పైన అద్దంలోంచి పైలట్, ఎప్పుడూ చేసేట్టే, నుదుటికి చెయ్యి ఆనించి సెల్యూట్ చేశాడు.

అక్క మెట్లమీద ఒక్కో కాలూ ఆనించుకుంటూ, కడ్డీ పట్టుకుని దిగింది. జుట్టంతా తెల్లబడింది. ఎదురొచ్చిన తమ్ముణ్ణి చూసి మొదట అన్నమాట ఇది:

“పైన అంతసేపు తిప్పావేంట్రా చిన్నోడా?”

ఆయనకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. “చోటు ఖాళీ లేదక్కా. చేయించి దింపాను,” అన్నాడు. ఆ మాటలో అబద్ధం లేదని ఆయనకే ఆశ్చర్యం వేసింది.

“కిటికీలోంచి చూశాను. ఆ పైలట్ నీకు సెల్యూట్ కొట్టాడు. ఊరికే కొడతాడేంటి!” అని వెనకవాళ్ళకు కూడా వినపడేలా అంది.

భవనంలోకి వెళ్ళాలంటే మధ్యలో బళ్ళు తిరిగే దారి దాటాలి. సామాన్ల బళ్ళు వరసగా వస్తున్నాయి, వెనక ఆయిల్ లారీ. అక్క అంచున ఆగిపోయింది. మోకాళ్ళు, కళ్ళజోడు, ఆ హోరు, అడుగు ముందుకు పడలేదు. చేతులాయన నడిదారిలోకి వెళ్ళి, అటు తిరిగి, రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు. బళ్ళు ఆగాయి. లారీ ఆగింది.

“మెల్లిగా రా అక్కా,” అన్నాడు. “అన్నీ ఆగాయి.”