అనుమానాస్పద స్థితిలో గ్రేసు

నేను రిటైరవడానికి రెండేళ్ల ముందు, మార్చి నెలలో, మహిళల ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ జట్టు ఒకదానికి ఫిజియోగా నిజామాబాద్ వచ్చాను. మార్కెట్ యార్డుకు పసుపు పోటెత్తే రోజులు. ఊళ్లో ఆటో దొరకడమే గగనంగా ఉండేది.

మా ఉద్యోగంలో అన్నిటికన్నా చిన్న కాగితం గాయాల రిపోర్టు. అన్నిటికన్నా పెద్ద తలనొప్పీ అదే. మ్యాచ్‌కు ముందు రోజు మధ్యాహ్నం రెండింటిలోగా ఫిజియో రాయాలి, కోచ్ సంతకం పెట్టాలి, మేనేజర్ లీగ్ ఆఫీసుకు పంపాలి. గాయపడిన ప్లేయర్ పేరు పక్కన నాలుగు మాటల్లో ఒక్కటి మాత్రమే ఉండాలి. ప్రాబబుల్ అంటే ఆడే ఆశ పన్నెండణాలు. క్వశ్చనబుల్ అంటే ఎనిమిదణాలు. డౌట్‌ఫుల్ అంటే నాలుగణాలు. ఔట్ అంటే బెంచీ మీద కూర్చుని చప్పట్లు కొట్టడమే.

మా జట్టులో గ్రేసుది కోటగిరి. ఇరవై రెండేళ్లు, గాల్లోకి లేస్తే దిగడం మరచిపోయే పిల్ల. ఆ వారం చీలమండ బెణికింది. మర్నాటి మ్యాచ్ చూడటానికి హైదరాబాద్ నుంచి పెద్ద జట్టువాళ్లు వస్తున్నారు. నచ్చితే వచ్చే సీజన్‌కు ఆమెకు కాంట్రాక్టు. వాపు చూస్తే నాకు ఔట్ అనే అనిపించింది. "ఏం కాలే సార్, మంచిగున్న. ప్రాబబుల్ రాయుండ్రి, మీ కాల్మొక్త" అని వెంటపడింది. ఆ మొహం చూస్తూ ఔట్ అని రాయడానికి చెయ్యి రాలేదు. డౌట్‌ఫుల్ అని రాసి చేతులు దులుపుకున్నాను.

మా మేనేజర్ కాకినాడ మనిషి, ఉత్సాహం పాలు కాస్త ఎక్కువ. ఆ రిపోర్టును ఫోన్‌లోనే తెలుగు చేయించి అభిమానుల వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు. డౌట్‌ఫుల్‌కు ఫోన్ ఇచ్చిన తెలుగు: "అనుమానాస్పద స్థితిలో గ్రేసు." రోజూ పేపరు చదివేవాళ్లకు ఆ తర్వాత వచ్చే మాట ఏమిటో చెప్పాలా! ప్రాక్టీసు వేళ ప్లేయర్ల ఫోన్లన్నీ సంచిలో పెట్టించడం మా రూలు. కోటగిరి నుంచి ఎన్ని కాల్స్ వచ్చినా ఎత్తే దిక్కు లేదు.

నాలుగింటికి ట్రాలీ ఆటో ఒకటి వచ్చి కోర్టు ముందు ఆగింది. గ్రేసు బాపు, అవ్వ, పాస్టరుగారు, ఇంకో పదిమంది. ఒకటే ఏడుపులు. లోపల చూస్తే గ్రేసు ఒంటికాలి మీద నిలబడి బాస్కెట్‌లోకి బంతులు వేస్తోంది. బాపు ఉన్నచోటే కూలబడి, "సచ్చిపోయిందన్నరు గద బిడ్డా!" అని బావురుమన్నాడు. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే కళ్లల్లో నీళ్లొచ్చాయి. మేనేజర్‌ను మాత్రం నమిలి మింగేద్దామనిపించింది.

అందరికీ నీళ్లు తాగించి, నాలుగు మాటలూ అణాలతో సహా వివరించాను. బాపు అంతా విని, "ఆడుతదా, ఆడదా? గంతే గద సార్. నడుమ గీ అణాల లెక్కేంది?" అన్నాడు. అవ్వ అసలు ఎవరినీ ఏమీ అడగలేదు. మనవరాలిని బెంచీ మీద కూర్చోబెట్టి, చీలమండ పక్కన బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కింది. గ్రేసు పెట్టిన కేకకు కోర్టు దద్దరిల్లింది. పొద్దున నేను అక్కడే నొక్కినప్పుడు పంటి బిగువున నవ్విన పిల్ల!

"గిది ఆడది" అని తేల్చేసింది అవ్వ. ఆడదు అనడానికి ఇక్కడివాళ్ల మాట అది.

"ఆడదే కదండీ, మాది ఆడవాళ్ల టీమే" అన్నాడు మేనేజర్.

అవ్వ అతన్ని ఎగాదిగా చూసి, "గీయనకు తెలుగు రాదా?" అని నన్నడిగింది.

సవరణ రిపోర్టు రాశాను: ఔట్. స్కాన్ తీయిస్తే లిగమెంటు సగానికి పైగా చిరిగి ఉంది. ఆడి ఉంటే మిగతాదీ తెగేది. హైదరాబాద్ వాళ్లు మ్యాచ్ చూసి మరో అమ్మాయిని ఎంచుకుని వెళ్లిపోయారు. గ్రేసు నెల రోజులు నాతో మాట్లాడలేదు. మరుసటి ఏడాది వేరే జట్టులో చేరి, సీజనంతా రెండు కాళ్ల మీదా ఆడింది.

డౌట్‌ఫుల్ అన్నది ప్లేయర్ కాలి గురించి రాయవలసిన మాట. ఆ రోజు నేను రాసింది నా మొహమాటం గురించి.