బంతి లేని ఆదివారం ప్రాక్టీస్

బ్లెస్సీ యూనివర్సిటీ అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టుకు గోల్‌కీపర్. డిగ్రీ రెండో ఏడు. వారానికి ఆరు రోజులు తెల్లారేసరికి లాలాగూడ రైల్వే క్వార్టర్స్ నుంచి క్యాంపస్ గ్రౌండ్‌కు చేరుతుంది. ఏడో రోజూ ప్రాక్టీసేనని ఇంట్లో చెప్పి రెండు నెలలైంది. అది పచ్చి అబద్ధం.

ఏం చేస్తుంది మరి? అన్న జాన్సన్ కూడా ఆటగాడే. ఆదివారం చర్చి నుంచి రాగానే తిని పడుకుంటాడు. "వారమంతా ఆడాడు, లేపకండి" అంటాడు తండ్రి సుందరరావు. వారమంతా బ్లెస్సీ కూడా ఆడింది. కానీ ఆమె నడుం వాలిస్తే చాలు, "ఖాళీగానే ఉన్నావుగా" అంటూ అంట్లగిన్నెలు వెతుక్కుంటూ వస్తాయి. ఆడే మగపిల్లాడికి విశ్రాంతి హక్కు, ఆడపిల్లకైతే పనిదొంగతనం. ఈ నిబంధన ఏ రెఫరీ రాశాడో గానీ, దానికి ఎర్ర కార్డు చూపించే నాథుడు లేడు.

అందుకే ఆదివారం మూడింటికి కిట్ బ్యాగ్ భుజాన వేసుకుని క్యాంపస్‌కు పరారు. అక్కడ హాస్టల్ నుంచి వచ్చిన కెప్టెన్ అమల, మరో ఏడుగురు. తార్నాకలో మిర్చి బజ్జీలు కట్టించుకొచ్చి, గడ్డిలో వెల్లకిలా పడి, మోకాళ్ల దెబ్బలు పోల్చుకుంటూ, కోచ్ ఉమాపతి సార్ నడకను అనుకరిస్తూ కడుపు నొప్పొచ్చేదాకా నవ్వుతారు. ఆరింటిదాకా ఎవరూ ఎవరికీ ఏ పనీ చెప్పరు. ఆ మూడు గంటల కోసమే బ్లెస్సీ మిగతా వారాన్ని లాక్కొస్తుంది.

ఆ రోజు సార్‌లా పొట్ట ముందుకు పెట్టి నడుస్తున్న అమల ఠక్కున ఆగింది. "ఏయ్ బ్లెస్సీ, గా నీలి గొడుగు మీ అమ్మది కాదా?"

కాదనడానికి లేదు. స్టీలు డబ్బాతో సుగుణమ్మ గ్రౌండ్‌కు అడ్డంపడి వస్తోంది.

"మర్‌గయే! లేవుండ్రి, ప్రాక్టీస్, ప్రాక్టీస్!" అంది బ్లెస్సీ.

"బాల్ ఏదే?"

"స్టోర్‌రూంల. తాళం సార్ దగ్గరున్నది!"

"అయితే ఉన్నట్టే ఆడుండ్రి!" అరిచింది అమల.

ఎనిమిది మంది గాలిని తన్నడం మొదలుపెట్టారు. ఒకమ్మాయి నోట్లో బజ్జీతోనే పాస్ ఇచ్చింది. అమల ముగ్గురిని తప్పించి గట్టిగా కొట్టింది. బ్లెస్సీ అడ్డంగా ఎగిరి, లేని బంతిని గుండెకు హత్తుకుని, దుమ్ములో రెండు పొర్లు పొర్లి లేచింది. ఎదురుగా తల్లి గొడుగు మూస్తోంది.

"బంతేదే?"

"బంతి లేకుండ ఆడుడే ఇయ్యాల ప్రాక్టీస్, ఆంటీ" అమల అందుకుంది. "కొత్త పద్ధతి."

సుగుణమ్మ గడ్డిలోని బజ్జీల పొట్లాన్ని, వరసగా విడిచిన చెప్పులను, నవ్వాపుకోలేక ఎర్రబడిన మొహాలను చూసింది. తన ఆదివారాలకు ఈ సాయంత్రంతో నూకలు చెల్లాయనుకుంది బ్లెస్సీ.

"ఆదివారం కూడా పిల్లల్ని అరగదీస్తున్నారు పాపమని సున్నుండలు చుట్టుకొచ్చా" అంది తల్లి నెమ్మదిగా. తర్వాత గోల్‌పోస్ట్ వైపు వేలు చూపింది. "అయినా పట్టేసినట్టు ఆ ఫోజేంటే? అది గోలైపోయిందిగా. నేను చూశా."

మరుక్షణం అమల "గోల్!" అని చేతులు బార్లా చాపి గ్రౌండ్ చుట్టూ పరుగు తీసింది.

"కాలేదమ్మా! పట్టిన!"

"అయింది."

"ఒట్టు, పట్టిన!"

సుగుణమ్మ తన చెప్పులు విడిచి ఆ వరసలోనే పెట్టింది. డబ్బా మూత తీసి అందరి మధ్య ఉంచి, తనో బజ్జీ అందుకుంది. తిన్నాక, కొంగు పరుచుకుని గడ్డిలో వెనక్కి వాలింది. బ్లెస్సీకి ఊహ తెలిశాక ఆమె పగటిపూట నడుం వాల్చడం ఇదే మొదలు.

"ఎన్నింటిదాకే మీ ప్రాక్టీసు?"

"ఆరు."

"మీ నాన్న ఐదింటికి టీ అంటారు." సుగుణమ్మ కళ్లు మూసుకుంది. "జాన్సన్ పెడతాడులే. వచ్చే ఆదివారం కూడా మూడింటికేగా? నాక్కూడా ఓ బ్యాగ్ చూడు."