పక్కటెముకలకు అమరిన గాలం కర్ర

ఒనీటా ప్రొసెల్ మా ఊరి చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టేది. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఊళ్లో చాలామంది ఆడవాళ్లు ఆసుపత్రుల్లోనూ, వృద్ధాశ్రమాల్లోనూ పనికి కుదిరారు. ఒనీటా మాత్రం ఇంటి వెనక షెడ్డులో కూర్చుని గాలం కర్రలు కట్టడం మొదలుపెట్టింది. దారం పట్టుకున్న చేతులు దారం వదలలేవని అనేది.

పనిలో ఆమె పద్ధతి నాకు బాగా తెలుసు. రేవు దగ్గర నా దుకాణంలో ఐసు, పెట్రోలు, ఎరలతోపాటు ఆమె కర్రలూ అమ్మేవాణ్ణి. సన్నటి నల్లటి గ్రాఫైట్ కర్రను తీసుకుని, మొన నేలకు ఆనించి, అరచేత్తో నొక్కి వంచి దొర్లించేది. ఒకచోట అది తనంతట తానే తిరిగి నిలిచేది. అదే దాని వెన్ను. అక్కడ సుద్దతో గీత గీసుకుని, ఆ గీత వెంట రింగులు అమర్చి, ఒక్కొక్క రింగునూ దారంతో చుట్టేది. దారం బిగువు కోసం దాన్ని పాత టెలిఫోను డైరెక్టరీ పేజీల మధ్యనుంచి లాగేది. చుట్టుకు చుట్టుకూ మధ్య వెంట్రుకంత సందు కనబడినా మొత్తం విప్పేసి మళ్లీ చుట్టేది.

ఆమెకు మొదటి గిరాకీ తమ్ముడు థర్మన్. భార్య పోయాక అక్క ఇంటి పక్కనే ట్రైలర్ వేసుకుని ఉండేవాడు. వారమంతా అడవిలో దుంగలు కొట్టడం, శని ఆదివారాలు తోలెడో బెండ్ సరస్సు మీద బాస్ చేపల వెంట పడటం, ఇదే అతని బతుకు. ఆనకట్ట కట్టినప్పుడు మునిగిపోయిన అడవి ఇంకా ఆ నీళ్లలో నిలబడే ఉంది. బాస్ చేపలు ఆ మోడుల సందుల్లోనే కాపురం ఉంటాయి. ఏ మోడు పక్క ఏ చేప ఉంటుందో థర్మన్‌కి తెలుసని మా రేవులో అనుకునేవారు. పోటీలు జరిగితే అతనే గెలిచేవాడు, లేదా గెలిచినవాడితో పొద్దుపోయేదాకా వాదించేవాడు.

ఒక ఏప్రిల్లో లారీ మీద దుంగలు కడుతుంటే గొలుసు తెగింది. కుడిచెయ్యి మోచేతి పైదాకా పోయింది.

ఆసుపత్రి నుంచి వచ్చాక నన్ను పిలిపించాడు. ట్రైలర్ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. చొక్కా కుడి చేతిని మడిచి పిన్నీసు పెట్టుకున్నాడు.

"వర్జిల్, నా పడవ నువ్వు తీసుకో. ఎంతిస్తావో నీ ఇష్టం."

"చూద్దాంలే," అన్నాను.

ఇంటికెళ్లే దారిలో ఒనీటా అడ్డం వచ్చింది.

"ఏమన్నాడు?"

"పడవ అమ్మేస్తాడట."

"నువ్వు కొన్నావనుకో, ఇక నా కర్రలు నీ దుకాణంలో కనిపించవు. నువ్వూ నా గుమ్మంలో కనిపించకూడదు."

"నేను కొనకపోతే ఇంకొకడు కొంటాడు కదా."

"ఎవడొచ్చినా ఇంజను పాడైందని చెప్పు. అబద్ధమాడ్డం నీకు కొత్తా? నిన్నటి వానపాముల్ని ఇవాళ్టివని అమ్మడం లేదూ?"

ఆ వేసవంతా ఆ ఇంజను పాడైపోయే ఉంది.

ఒనీటా మొదటి కర్ర జులైలో కట్టింది. నడుముకు తోలు బెల్టు, బెల్టుకు చిన్న గిన్నెలాంటి తొడుగు, కర్ర అడుగు కొస, అంటే మడమ, అందులో కూర్చుంటుంది. ఎడమచేత్తో విసిరి, మడమను గిన్నెలో పెట్టి, అదే చేత్తో రీలు తిప్పుకోవచ్చు. థర్మన్ దాన్ని తీసుకుని రేవు చివరికి వెళ్లాడు. చూడనట్టు నటిస్తూ మేమంతా చూశాం. గాలం విసిరాడు, చుట్టాడు, మళ్లీ విసిరాడు. కర్ర ఆకాశానికి జెండాలా నిలబడింది. కొంతసేపటికి తిరిగొచ్చి, నా లారీ తలుపు తెరిచి, కర్రను ఆ సందులో పెట్టి తలుపు వేశాడు. అది రెండు ముక్కలైంది.

"చేప కొరికిందో కొమ్మ తగిలిందో తెలియనప్పుడు చేపలు పట్టడమెందుకు? బెల్టు నాకేం చెప్తుంది?" అన్నాడు.

ఒనీటా ఆ ముక్కలు ఏరుకుంది. రింగులు పనికొస్తాయంది. రెండోరోజు షెడ్డు ముందు నుంచి వెళ్తుంటే కొత్త గ్రాఫైట్ కర్రను నేలకు ఆనించి దొర్లిస్తోంది.

రెండోదాంట్లో బెల్టు లేదు. పిడిని వెనక్కి పొడుగ్గా సాగదీసింది. బెండు ముక్కలు ఒకదానికొకటి అతికించి, గరుకు కాగితంతో నున్నగా గుండ్రంగా రాసింది. ఆ పొడుగు పిడి మొండి చేతి కింద, చంకకూ డొక్కకూ మధ్య నొక్కుకుని ఉంటుంది. ఈసారి థర్మన్ ఇద్దరు స్నేహితులతో పడవలో వెళ్లాడు. గుండ్రటి పిడి కదా, రీలు తిప్పినప్పుడల్లా చంకలో కర్ర దొర్లింది. ఎండకు చెమట కూడా పట్టింది. పెద్ద చేపే తగిలింది, ఒక్క గుంజు గుంజింది. కర్ర, రీలు, చేప అన్నీ కలిసి మోడుల మధ్యకు వెళ్లిపోయాయి. స్నేహితులు నవ్వలేదు. వాళ్లు నవ్వి ఉంటేనే బాగుండేదని తర్వాత నాతో అన్నాడు.

ఆ సాయంత్రం అక్కా తమ్ముడూ దెబ్బలాడుకోవడం నా చెవులారా విన్నాను. కట్టిన కర్రలు తీసుకెళ్దామని వెళ్లి షెడ్డు బయటే ఆగిపోయాను.

"ఇక చాలక్కా. ఇది నా కోసం కాదు, నీ పంతం కోసం."

"అవును, నా పంతమే. నీకెటూ లేదు, నాకైనా ఉండాలిగా."

"చెయ్యి పోయింది నాది."

"చెయ్యి నీదే. మిగిలింది కూడా నీదే. దాన్ని నాకొకసారి చూపించు. కొలత లేకుండా కాలరే కుట్టలేం, చూడకుండా నీకు పిడి ఎలా చెక్కమంటావ్?"

ఆసుపత్రి వాళ్లు తప్ప థర్మన్ మొండి చేతిని ఎవరూ చూడలేదు. ఎంత ఉక్కపోసినా చొక్కా విప్పేవాడు కాదు. కట్టు మార్చడానికి వచ్చిన నర్సును కూడా తలుపు దగ్గర్నుంచే పంపేసేవాడు.

"చూపించను," అన్నాడు.

"సరే. నేను ఎదురుచూస్తా. నాకు వేరే పనేముంది? ఇంకో కర్ర కడతా, అదీ నీళ్లలో పారేద్దువుగాని. సరస్సు అడుగంతా నా కర్రలే ఉంటాయి."

నేను పిల్లిలా వెనక్కి వచ్చేశాను.

ఆ తర్వాత అతను ఆ షెడ్డు వైపే రాలేదు. ఒనీటా మాత్రం గుండ్రటి పిడి ఎందుకు దొర్లిందో తేల్చుకునే పనిలో పడింది. చీపురుకట్టను చంకలో పెట్టుకుని, గిన్నెలు తోముతూ వంటింట్లో తిరిగేది. తర్వాత బల్లపరుపుగా చెక్కిన చెక్క పెట్టుకుని తిరిగింది. చర్చికి కూడా అలాగే వెళ్తుందేమోనని మా ఆవిడ భయపడింది. బల్లపరుపుది దొర్లలేదు గానీ, రెండు చేతులూ ఉన్న మనిషి చంక వేరు, థర్మన్ చంక వేరు. ఆ తేడా ఎక్కడుందో ఆమెకు తెలియడం లేదు.

చలి మొదలయ్యే రోజుల్లో, ఒక శనివారం, మా వాళ్లంతా, పిండిలో మాంసం పెట్టి ఆకులో చుట్టి ఉడికించే టమాలీలు చెయ్యడానికి ఒనీటా ఇంట్లో చేరారు. పెద్ద గిన్నెలో పందికొవ్వు కలిపిన మొక్కజొన్న పిండి ముద్ద ఉంది. మాంసం ఉడుకుతోంది. మా ఆవిడా, నేనూ మొక్కజొన్న పొత్తుల మీది ఆకులు తడిపి బల్ల మీద పరుస్తున్నాం. అప్పుడు థర్మన్ వెనక తలుపులోంచి వచ్చాడు. ఎవరి వైపూ చూడలేదు. అక్క ఎదురుగా నిలబడి ఎడమచేత్తో చొక్కా గుండీలు తియ్యడం మొదలుపెట్టాడు. మూడో గుండీ దగ్గర వేళ్లు తడబడ్డాయి. మా ఆవిడ లేవబోతే ఒనీటా కళ్లతోనే వారించింది. అతను తనే విప్పుకున్నాడు.

మొండి చేతి చివర చర్మం ఎర్రగా, ముడతలు ముడతలుగా ఉంది. ఒనీటా దాన్ని కాలర్ చూసినట్టే చూసింది, అటునుంచీ ఇటునుంచీ.

"ఎత్తు."

ఎత్తాడు.

ఆమె గిన్నెలోంచి పెద్ద పిండిముద్ద తీసి అతని డొక్కకు పెట్టి, "ఇప్పుడు దించి గట్టిగా నొక్కు," అంది.

"ఏంటిది? నన్ను కూడా చుట్టి ఉడకబెడతావా?"

"నీ మాంసం ఉడకదు. కదలకుండా ఉండు."

మా ఆవిడ ముందుగా నవ్వింది. తర్వాత థర్మన్ నవ్వాడు. నవ్వినప్పుడు పిండి కదిలిపోయిందని ఒనీటా తిట్టి, ఆ ముద్ద తీసేసి కొత్తది పెట్టింది. ఆ ముద్ద మీద ఒకవైపు పక్కటెముకల గుంటలు, ఇంకోవైపు మొండి చేతి అచ్చు పడ్డాయి. దాన్ని పళ్లెంలో పెట్టి, ఎవరూ ముట్టుకోవద్దని చెప్పి, అటక మీద ఆరబెట్టింది. మిగతా పిండితో మేం టమాలీలు చుట్టాం.

ఆ అచ్చు చూసి చెక్కింది మూడో పిడిని. పైనుంచి చూస్తే తెడ్డులా ఉండేది. లోపలివైపు పక్కటెముకలకు ఒదిగే గుంటలు, పైన మొండి చేయి కూర్చునే చిన్న పల్లం. చెమటకు జారకుండా మెత్తటి జింకతోలు తొడిగింది. మొన బరువు లాగకుండా మడమలో కాస్త సీసం పోసింది. కర్ర విషయంలోనూ తేడా చేసింది. మొనలో వణుకు డొక్కదాకా వచ్చేలా తేలికైన గ్రాఫైట్ వాడి, రింగులు చిన్నవి పెట్టింది. ఈసారి థర్మన్ రోజూ షెడ్డులోనే ఉన్నాడు. ఇక్కడ ఒత్తుతోంది, అక్కడ వదులుగా ఉంది అంటూ ప్రతి పూటా ఒక వంక పెట్టేవాడు. ఆమె ప్రతి వంకకీ గరుకు కాగితం తీసుకుని మళ్లీ రాసేది.

వసంతంలో డాగ్‌వుడ్ చెట్లు పూసే రోజుల్లో, బాస్ చేపలు గుడ్లు పెట్టడానికి లోతులేని చోటికి వస్తున్నప్పుడు, థర్మనూ నేనూ నా పడవలో బయల్దేరాం. ఒనీటాను రమ్మంటే రానంది. "నేనొస్తే వాడు నా మొహం చూస్తాడు, నీళ్లు చూడడు," అంది.

థర్మన్ ఎడమచేతి విసురు ఇంకా కుదరలేదు. మొదటి గాలం చెట్టు కొమ్మకు చిక్కింది. రెండోదీ చిక్కింది.

"ఉడతల్ని పడుతున్నావా?" అన్నాను.

"నోరు మూసుకుని పడవ నిలకడగా ఉంచు."

తర్వాతిది మోడు పక్కనే పడింది. పిడిని చంకలో నొక్కుకుని, అదే చేత్తో రీలు తిప్పాడు. కర్ర దొర్లలేదు. అలా చాలాసేపు విసిరి, చుట్టి, విసిరి, చుట్టాడు. నాకు నిద్ర ముంచుకొస్తోంది.

"తగిలింది," అన్నాడు నెమ్మదిగా.

నాకేమీ కనబడలేదు. "ఎక్కడ?"

"ఎముక మీద."

అంటూనే నడుమంతా ఒక్కసారి ఎడమకు తిప్పాడు. కర్ర విల్లులా వంగింది. చేప నీళ్లలోంచి ఎగిరి, తల విదిలించి, గాలం వదిలించుకుని పోయింది. థర్మన్ దాన్ని బూతులు తిట్టాడు. ఏడాదిగా అతను ఎవరినీ అంత ప్రేమగా తిట్టడం నేను వినలేదు.

రెండోది ఎండ ఎక్కాక తగిలింది. ఈసారి తొందరపడలేదు. నడుము తిప్పడం, వంగడం, తిప్పడం, కొంచెం కొంచెంగా పడవ దగ్గరకు తెచ్చాడు. వల అందుకోబోయాను.

"దాన్ని ముట్టుకున్నావంటే నిన్ను నీళ్లలోకి తోసేస్తా."

మోకాళ్ల మధ్య కర్రను ఇరికించుకుని, ఒంగి, బొటనవేలు చేప నోట్లో దూర్చి పైకి లేపాడు. చేప పెద్దదేం కాదు. దాన్ని చూసి, గాలం తీసి, మళ్లీ నీళ్లలో వదిలేశాడు.

రేవులో ఒనీటా నిలబడి ఉంది. మొక్కల కోసం నీళ్లు తీసుకెళ్లడానికి వచ్చానంది, చేతిలో బిందె లేదు. థర్మన్ కర్రను ఆమెకిచ్చాడు.

"తోలు తడిస్తే జారుతోంది. మడమ దగ్గర సీసం ఎక్కువైంది, కొంచెం తగ్గించు."

"సరే."

"ఒకటి పట్టా."

"తెలుసులే. నీ ఒంటినిండా చేప వాసనే."

షెడ్డులోకి వెళ్లి వెంటనే పనిలో కూర్చుంది. వెనకే వెళ్లిన నా వైపు ఆమె తల తిప్పలేదు. గరుకు కాగితాన్ని తిరగేసి పట్టుకుని నున్నటి వైపుతో చాలాసేపు రాసింది. కాగితం తిరగబడిందని నేను చెప్పలేదు.

ఆ శరదృతువు పోటీలో థర్మన్ పేరు జాబితా అడుగున ఎక్కడో ఉంది. మరుసటి ఏడుకి కొంచెం పైకొచ్చింది. మునుపటిలా మాత్రం ఎప్పుడూ గెలవలేదు. కర్ర విరిచినప్పుడు నా లారీ తలుపు మీద పడ్డ గీత ఇంకా ఉంది, దానికి రంగు వేయిస్తానని చెప్తూనే ఉన్నాడు.

తర్వాత సరస్సుకి అవతలి ఒడ్డు, టెక్సాస్ వైపు నుంచి డూయీ లాసిటర్ అనే మాజీ సైనికుడు వచ్చాడు. అతని భుజం ఉంది, చెయ్యి ఉంది, వేళ్లు మాత్రం పట్టు లేక వేలాడతాయి. థర్మన్ గురించి విని వచ్చానన్నాడు గానీ, కారు దిగడానికే అరగంట ఆలోచించాడు. ఒనీటా కిటికీలోంచి చూస్తూ, "పో, వెళ్లి మాట్లాడు," అంది తమ్ముడితో.

"నేనేం మాట్లాడను?"

"నా కర్రలు బాగోవని చెప్పు. రోజూ చెప్పేదేగా."

థర్మన్ వెళ్లి కారు పక్కన నిలబడ్డాడు. ఏం చెప్పాడో నాకు తెలియదు. కాసేపటికి ఇద్దరూ కలిసి షెడ్డులోకి వచ్చారు. ఒనీటా డూయీ చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, ముంజేతికి పట్టీతో కట్టే పిడి కావాలని తేల్చింది. కాదు, చంక కిందికే వెళ్లాలని థర్మన్ అన్నాడు. అక్కా తమ్ముడూ వాదించుకుంటుంటే డూయీ నావైపు చూశాడు.

"వీళ్లెప్పుడూ ఇంతేనా?" అని అడిగాడు.

"ఇవాళ కొంచెం నయం," అన్నాను.

ఒనీటా అప్పటికే కొత్త గ్రాఫైట్ కర్ర తీసి నేలకు ఆనించి, వెన్ను ఎక్కడుందో వెతుకుతోంది.