తొడల కింద చేతులు

మా అత్త, అంటే నాన్న చెల్లెలు, ఎవరితో మాట్లాడబోయినా ముందు రెండు చేతులూ తొడల కింద అదిమి పెట్టుకునేది. ఆమెది పుట్టు చెవుడు. సైగలు చేస్తే మాటలు రావని బడిలో చెప్పారట. అది నమ్మి వాళ్లమ్మ, మా అవ్వ, ఇంట్లోనూ సైగలు మానిపించింది. అంతకుముందు తన చెంప నిమురుకుని గుండె మీద చెయ్యి పెట్టుకుంటే, అవ్వకూ అత్తకూ అది ‘నా తల్లీ’ అని.

బడిలో పెదవులు చూసి మాట పోల్చుకోవడం నేర్పారు, తమిళంలో. తమిళనాడులోని ధర్మపురిలో ఇంకేం నేర్పుతారు? మా ఇంట్లోనేమో తెలుగు. అవ్వకు తమిళం సంతలో బేరానికి మించి రాదు. సొంత తల్లి మాటే అత్తకు అందకుండా పోయింది.

ఎనభై ఏళ్లు దాటాక అవ్వ మంచాన పడింది. ఆఖరి రోజున అత్తను చూసి ఏదో చెప్పబోయింది.

"తమిళంలో చెప్పమ్మా, దానికి తెలుస్తాది," అని నాన్న బతిమాలాడు.

"పొయ్యేటప్పుడు ఆ మాటలు నాకు యాడ వస్తాయిరా?"

అవ్వ నోరు మూసుకుంది. చేత్తో తన చెంప నిమురుకుని, గుండె మీద పెట్టుకుంది. మళ్లీ మళ్లీ అదే చేసింది.

అత్త ఆ చెయ్యి వైపు చూడలేదు. తన చేతులు తొడల కింద అదుముకుని, కదలని ఆ పెదవులనే చూస్తూ కూర్చుంది.