మా మామ్మ చూసింది బకెట్టు మాత్రమే

ఇవాళ మా దీవిలో, హాడో పేటలో ఉన్న మా ఇంటికి టీవీవాళ్ళు వచ్చారు. తొలిరోజుల్లో ఓడెక్కి వచ్చి ఈ దీవుల్లో స్థిరపడ్డవాళ్ళు కళ్ళారా చూసింది చెప్పాలట, అదొక సీరియల్ అట. మామ్మ కొత్త చీర కట్టుకుని కూర్చుంది.

"అమ్మా, ఈ దీవి మొదటిసారి కనబడగానే ఏమనిపించింది?" అన్నాడు డైరెక్టర్.

"నానేటి సూసినాను బాబూ? మా జాలరోళ్ళలో ఆడోళ్ళు పడవెక్కరు. అదే మొదలు. ఓడ దిగేదాకా బకెట్టులో తలెట్టీసి ఒకటే వాంతులు."

కెమెరా ఆగిపోయింది. ఈమధ్యే పక్కింట్లో అద్దెకు దిగిన రిటైర్డ్ మాస్టారు వెంటనే కుర్చీ లాక్కున్నారు. కొండలంత అలలు, ఓడ అంచున నిలబడి ఏడ్చిన తల్లులు, దూరంగా పచ్చటి ఆశ... వరసపెట్టి చెప్పారు. "వాహ్ భయ్యా!" అన్నాడు డైరెక్టర్.

మాస్టారు పుట్టింది ఇక్కడి ఆస్పత్రిలోనే. నాతో ఆయనే చెప్పారు.

అందరూ వెళ్ళాక మామ్మ కళ్ళు తుడుచుకుంటూ అడిగింది: "పాపం, మాస్టారు ఎన్ని అగసాట్లు పడ్డారే! ఆయన ఏ ఓడకొచ్చినారే?"

చరిత్ర జరుగుతున్నప్పుడు బకెట్టు పట్టుకుని కూర్చున్నవాళ్ళు మీ ఇంట్లో ఉంటే ఇక్కడ రాయండి. టీవీవాళ్ళకి వాళ్ళు ఎలాగూ పనికిరారు.